పట్టికలో ఖాళీ గడులు

పెట్రోలు బంకులో నేల కింద పెద్ద ట్యాంకు పాతిపెట్టి ఉంటుంది. అందులో ఎంత పెట్రోలు మిగిలిందో పైనున్నవాళ్ళకు ఎలా తెలుస్తుంది? దిగి చూడడానికి అదేమీ దిగుడుబావి కాదు. కాస్త పొద్దున్నే వెళ్ళి నిలబడితే మీరే చూడవచ్చు. ఒకతను నేలమీది మూత తీసి, గీతలు గీసిన పొడుగాటి లోహపు కడ్డీని నిలువుగా లోపలికి దించుతాడు. అడుగు తగలగానే పైకి తీసి, తడి ఎంతవరకు అంటుకుందో చూసుకుంటాడు.

తడి 40 సెంటీమీటర్ల వరకు ఉందనుకోండి. సెంటీమీటర్ల లెక్కన పెట్రోలు ఎవరూ కొనరు, అమ్మరు. కావలసింది లీటర్లు. అందుకని అతను గదిలోకి వెళ్ళి ఒక పట్టిక తీసి, 40కి ఎదురుగా ఏముందో చదువుతాడు. అంతటితో లెక్క తేలిపోయింది. ఎక్కాల పుస్తకంలో ఏడు తొమ్మిదులు ఎంతో చూసుకున్నట్లే ఇదీను. లెక్క ఎవరో ముందే చేసిపెట్టారు, మనం చూసుకోవడమే.

ఇప్పుడు చాలా బంకుల్లో కడ్డీ చేసే పనిని ట్యాంకులోనే అమర్చిన ఎలక్ట్రానిక్ పరికరం చేస్తున్నది. కాని అది కూడా కొలిచేది ఎత్తునే. లీటర్లు చెప్పవలసి వచ్చినప్పుడు దాని లోపలి కంప్యూటరు తన జ్ఞాపకంలో దాచుకున్న పట్టికనే చూస్తుంది. గోడమీది కాగితం కంప్యూటరులోకి మారిందే తప్ప పట్టిక మాత్రం పోలేదు.

అసలు పట్టిక ఎందుకు? ఒక సెంటీమీటరుకు ఇన్ని లీటర్లు అని ఒక్క లెక్క పెట్టుకుంటే పోదా? ట్యాంకు గోలెంలా నిటారుగా నిలబెట్టి ఉంటే అలాగే చేయవచ్చు. కాని బంకు ట్యాంకు పక్కకు పడుకోబెట్టిన పీపా. అడుగున ఇరుకు, మధ్యలో వెడల్పు, పైన మళ్ళీ ఇరుకు. అడుగున ఒక సెంటీమీటరు ఎత్తులో పట్టేది కొంచెమే, నడుమ దగ్గర అదే ఒక సెంటీమీటరులో చాలా ఎక్కువ పడుతుంది.

ఈ పట్టికను తయారుచేసే పనిని క్రమాంకనం అంటారు. ఖాళీ ట్యాంకులో కొలతపాత్రతో నీళ్ళు పోస్తూ, కడ్డీ దించి చూస్తూ, ఏ ఎత్తుకు ఎన్ని లీటర్లు పట్టాయో రాసుకుంటూ పోవడం ఒక పద్ధతి. విసుగు పుట్టించే పని. సరిగా అక్కడే మన కథ మొదలవుతుంది.

లెక్కకు వీలుగా చిన్న ట్యాంకు తీసుకుందాం. దాని అడ్డుకొలత 100 సెంటీమీటర్లు, నిండా పోస్తే 1000 లీటర్లు పడుతుంది. క్రమాంకనం చేసేవాళ్ళు వచ్చారు. 10 సెంటీమీటర్ల దగ్గర తీసిన కొలత మీద అనుమానం వచ్చి కొట్టేశారు. తరువాత నాలుగు కొలతలు చక్కగా తీశారు. ఇంతలో తెచ్చిన నీళ్ళు అయిపోయాయి. వాళ్ళ పుస్తకంలో మిగిలింది ఇది:

20 సెం.మీ. : 142 లీటర్లు
30 సెం.మీ. : 252 లీటర్లు
40 సెం.మీ. : 374 లీటర్లు
50 సెం.మీ. : 500 లీటర్లు

10కి ఎదురుగా ఖాళీ. 60, 70, 80, 90, 100లకు ఎదురుగా ఖాళీ. నిండా పోస్తే ఎంత పడుతుందో కూడా వాళ్ళకు తెలియదనుకోండి, అది మీకూ నాకూ మాత్రమే తెలుసు. పట్టిక సాయంత్రంలోగా ఇవ్వాలి. ఏం చేస్తారు?

ముందు ఒక సులువైన సంగతి చూద్దాం. 35 సెంటీమీటర్లకు ఎంత? ఇది 30కీ 40కీ సరిగ్గా మధ్యన ఉంది. 252కూ 374కూ మధ్యన ఉన్నది 313. నిజంగా నీళ్ళు పోసి చూస్తే 312 వస్తుంది. ఒక్క లీటరు తేడా! ఇలా తెలిసిన రెండు కొలతల నడుమ ఉన్నదాన్ని ఊహించడాన్ని అంతర్వేశనం అంటారు. రెండు స్తంభాల మధ్య తాడు కట్టినట్టు ఇది. తాడు కాస్త వాలవచ్చునేమో గాని, రెండు చివరలూ గట్టిగా పట్టుకొని ఉన్నాయి కనుక ఎక్కడికో ఎగిరిపోదు.

ఇప్పుడు 60 సంగతి. దీనికి ఒకవైపే స్తంభం ఉంది. రెండోవైపు ఏమీ లేదు. ఇలా తెలిసిన కొలతలను దాటి అవతల ఏముంటుందో ఊహించడం బహిర్వేశనం. అన్నిటికంటె తేలికైన దారి ఏమిటంటే, చివరి అడుగు ఎంత ఉందో చూసి అంతే అడుగు మళ్ళీ వేయడం. 374 నుంచి 500కు 126 పెరిగింది. ఇంకో 126 కలిపితే 60 దగ్గర 626. నీళ్ళు పోసి చూసినా 626 లీటర్లే! అబ్బ, ఎంత బాగా కుదిరిందో!

నన్నడిగితే ఇలా కుదరడమే పెద్ద ఆపద. మొదటి అడుగు కుదిరింది గదా అని ధైర్యం వచ్చి మిగతా గడులన్నీ అలాగే నింపేస్తాం. 70కి 752, 80కి 878, 90కి 1004, 100కి 1130. నిజమైన విలువలు 748, 858, 948, 1000. మొదట తేడా లేదు, తరువాత 4 లీటర్లు, 20 లీటర్లు, 56 లీటర్లు, చివరికి 130 లీటర్లు. వెయ్యి లీటర్ల ట్యాంకులో పదకొండు వందల ముప్పై పడుతుందని పట్టిక చెబుతున్నది.

నవ్వుకోకండి. పెట్రోలు లారీ వచ్చినప్పుడు బంకులో కడ్డీ దించి చూశారు. తడి 50 దాకా ఉంది. పట్టిక ప్రకారం ట్యాంకు నిండితే 1130 కదా, ఉన్నవి 500, ఇంకా 630 లీటర్లకు చోటుంది, 600 పోయవచ్చు అని గొట్టం తగిలించారు. నిజంగా ఉన్న చోటు 500 లీటర్లే. మిగిలిన 100 లీటర్ల పెట్రోలు నేలమీద పారుతుంది. పక్కనే ఎవరో బండి స్టార్టు చేస్తారు. ఆ పైన ఏమవుతుందో నేను రాయనక్కరలేదు.

కిందివైపు కూడా ఒకసారి చూద్దాం. 20 నుంచి 30కి 110 పెరిగింది గనుక 20 నుంచి వెనక్కి 110 తీసేస్తే 10 దగ్గర 32 లీటర్లు. నిజానికి 52. ఇంకో అడుగు వెనక్కి వేస్తే 0 సెంటీమీటర్ల దగ్గర మైనస్ 78 లీటర్లు. అంటే ఖాళీ ట్యాంకు మనకే 78 లీటర్లు బాకీ పడిందన్నమాట!

సరే, సరళరేఖ పనికిరాలేదు. అడుగులన్నీ సమానంగా లేవు, 110, 122, 126 అని మారుతున్నాయి. ఆ మార్పును కూడా లెక్కలోకి తీసుకుంటే? చార్లెస్ బాబేజ్ 1820లలో పట్టికలు తయారుచేసే యంత్రాన్ని కట్టబోయినప్పుడు నమ్ముకున్నది ఇలాంటి ఉపాయాన్నే. దాన్ని భేదాల పద్ధతి అంటారు. పెన్సిలు తీసుకోండి.

అడుగులు: 110, 122, 126. అడుగుల మధ్య తేడాలు: 12, 4. ఆ తేడాల మధ్య తేడా: మైనస్ 8. ఈ చివరి మైనస్ 8 ఇకముందు కూడా మారదనుకుందాం. అప్పుడు తరువాతి తేడా 4 లోంచి 8 తీసేస్తే మైనస్ 4. తరువాతి అడుగు 126 లోంచి 4 తీసేస్తే 122. 60 దగ్గర విలువ 622. అలాగే ముందుకు పోతే 70కి 732, 80కి 822, 90కి 884, 100కి 910.

ఇందులో ఒక మంచి ఉంది. పైకి పోయేకొద్దీ ట్యాంకు ఇరుకవుతుందనే సంగతిని ఈ పద్ధతి నాలుగు అంకెల్లోంచే పసిగట్టింది. కాని నిండు ట్యాంకుకు 910 అంటోంది. 90 లీటర్లు తక్కువ. ఎందుకు?

కారణం వింటే ఆశ్చర్యపోతారు. మనవాళ్ళు రాసుకున్న 142 అసలు 142.4. 252 అసలు 252.3. 374 అసలు 373.5. దశాంశాలెందుకులే అని దగ్గరి పూర్ణసంఖ్యకు సర్దారు. మీరు ఆ దశాంశాలు పెట్టి మళ్ళీ చేసి చూడండి, నిండు ట్యాంకుకు 1002 వస్తుంది. అంటే ఏ ఒక్క కొలతలోనూ అరలీటరుకు మించని సర్దుబాట్లు కలిసి చివరి గడిలో 92 లీటర్లు మింగేశాయి.

ఇక కొలతలోనే పొరపాటు జరిగితే? 50 దగ్గర కడ్డీ కొంచెం ఒరిగి, 500 అని రాయవలసినచోట 510 రాశారనుకోండి. ఇప్పుడు అడుగులు 110, 122, 136. తేడాలు 12, 14. వాటి తేడా 2. ముందుకు నడవండి. 662, 832, 1022, 1234, 1470! పది లీటర్ల పొరపాటు చివరి గడిలో 560 లీటర్లయింది. యాభైయారు రెట్లు. తాడు కొస దగ్గర పట్టుకొని చెయ్యి కొద్దిగా ఊపితే రెండో కొస ఎంత దూరం ఊగుతుందో చూశారు కదా, అలాగన్నమాట.

అదే పొరపాటు సరళరేఖ పద్ధతిలో జరిగితే ఎంతవుతుంది? చివరి అడుగు 126కు బదులు 136. అయిదు అడుగులు వేసి 510కి కలిపితే 1190. ముందు వచ్చిన 1130తో పోలిస్తే 60 ఎక్కువ. ఆరు రెట్లు మాత్రమే. తెలివైన పద్ధతి పొరపాటును 56 రెట్లు చేస్తే మోటు పద్ధతి 6 రెట్లు చేసింది. ఏమీ ఊహించకుండా చివరి అంకెనే మిగతా గడులన్నిటిలో దించేశామనుకోండి, పొరపాటు పెరగనే పెరగదు, పది పదిగానే ఉంటుంది. కాకపోతే నిండు ట్యాంకుకు కూడా 500 అనే చెబుతుంది! వంపును పట్టుకోవాలంటే పొరపాట్లు పెరుగుతాయి, పొరపాట్లు పెరగకూడదంటే వంపు దొరకదు. ఈ తగవులో ఇద్దరినీ ఒప్పించే మార్గం అంకెల్లో మాత్రం లేదు.

క్రమాంకనానికి వాడే కంప్యూటరు ప్రోగ్రాములు తెరమీద సరిగ్గా ఈ ప్రశ్నే అడుగుతాయి. ఖాళీ గడులను ఎలా నింపమంటావు? చివరి విలువనే కొనసాగించనా, సరళరేఖ గీయనా, వంపుగీత గీయనా? ఒక మీట నొక్కితే చాలు, రెప్పపాటులో పట్టిక నిండిపోతుంది. గడులన్నీ ఒకే అచ్చులో, ఒకే వరుసలో కనిపిస్తాయి. ఏ అంకె నీళ్ళు పోసి కొలిచిందో, ఏది ఊహించిందో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. 500 ఎంత నమ్మకంగా కనిపిస్తుందో 1470 కూడా అంత నమ్మకంగానే కనిపిస్తుంది.

ఇంత గొడవ పడ్డాక ఒక మాట చెబితే మీకు కోపం రావచ్చు. ఈ ట్యాంకు పట్టిక నింపడానికి బహిర్వేశనం అవసరమే లేదు! ట్యాంకు గుండ్రంగా ఉందని మనకు తెలుసు. గుండ్రని దాని పై సగం కింది సగానికి అద్దంలో నీడ. పైనుంచి 20 సెంటీమీటర్ల ఖాళీలో ఎంత చోటుందో అడుగునుంచి 20 సెంటీమీటర్లలో కూడా అంతే ఉంటుంది. 50 దగ్గర సగం, అంటే నిండితే 1000. కాబట్టి 80 దగ్గర 1000 లోంచి 142 తీసేస్తే 858. 70 దగ్గర 252 తీసేస్తే 748. 60 దగ్గర 374 తీసేస్తే 626. మూడూ అచ్చం సరిపోయాయి. మిగిలిన 10, 90 కూడా వృత్తఖండం వైశాల్యం కట్టడం వచ్చినవాళ్ళు నీళ్ళు లేకుండానే లెక్కగడతారు. అంకెలకు తెలియని సంగతి ఒకటి మనకు తెలుసు, అది ట్యాంకు ఆకారం.

అయితే అన్నిటికీ ఇంత చక్కని ఆకారం ఉండదు. మీ ఇంట్లో కొత్త మోటారు సైకిలు ఉంటే దాని ఇంజను సంగతి చూడండి. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో బి.ఎస్.-6 కాలుష్య నియమాలు అమలులోకి వచ్చాక కొత్త బళ్ళలో కార్బ్యురేటరు దాదాపు కనుమరుగైంది. ఇప్పుడు ఇంజనులోకి ఎంత పెట్రోలు చిమ్మాలో ఒక చిన్న కంప్యూటరు నిర్ణయిస్తుంది. పెట్రోలు చిమ్మే ముక్కును ఎన్ని మిల్లీసెకన్లు తెరిచి ఉంచాలన్నదే దాని లెక్క. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఈ పాళ్ళు తప్పకూడదు.

ఆ కంప్యూటరు దగ్గరా ఒక పట్టికే ఉంది. ఈసారి చదరంగం బల్లలాంటిది. ఒకవైపు ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో, మరొకవైపు యాక్సిలరేటరు ఎంత తిప్పారో. 16 అడ్డవరుసలు, 16 నిలువువరుసలు ఉంటే 256 గడులు. ఒక్కొక్క గడిలో ముక్కు తెరిచి ఉంచే కాలం రాసి ఉంటుంది. బండి పోతున్నంతసేపూ కంప్యూటరు ఈ గడుల మీద గెంతుతూ, నడుమ విలువలకు అంతర్వేశనం చేసుకుంటూ ఉంటుంది.

ఈ 256 గడులనూ ఎవరు నింపారు? బండి తయారుచేసేచోట ఇంజనును డైనమోమీటరు అనే యంత్రానికి తగిలించి, ఒక్కొక్క వేగం దగ్గరా ఒక్కొక్క బరువు పెట్టి ఇంజనీర్లు కొలుస్తారు. కాని అన్ని గడులకూ వెళ్ళలేరు. అతి తక్కువ వేగంలో యాక్సిలరేటరు పూర్తిగా తిప్పితే ఇంజను ఎగిరెగిరి ఆగిపోతుంది. అతి ఎక్కువ వేగంలో పూర్తి బరువుతో చాలాసేపు నడిపితే పరీక్ష పూర్తయ్యేలోగా ఇంజనే పాడైపోవచ్చు. కొలవడానికి అన్నిటికంటె కష్టమైనవి, పొరపాటు జరిగితే అన్నిటికంటె ఖరీదైనవి పట్టిక అంచుల్లోని గడులే. ఖాళీగా మిగిలేవీ అవే.

మూల గడి సంగతి మరీ చెడ్డది. అడ్డంగా అయిదు అడుగులు, నిలువుగా అయిదు అడుగులు సరళరేఖల మీదే వెళ్ళినా పొరపాటు ఆరు రెట్లు, దాని మీద మళ్ళీ ఆరు రెట్లు, మొత్తం ముప్ఫైయారు రెట్లవుతుంది.

ఊహించిన అంకె అసలు కావలసినదానికంటె తక్కువైందనుకోండి. పూర్తి బరువు లాగుతున్న ఇంజనుకు పెట్రోలు చాలదు. అది ఆగిపోతుందని మీరనుకుంటారు. లేదు, అంతకంటె చెడ్డపని చేస్తుంది. వేడెక్కుతుంది. మిశ్రమం నిప్పురవ్వతో వరుసగా మండడానికి బదులు తనంతట తానే పేలి లోపల సుత్తితో కొట్టినట్లు టకటకలాడుతుంది. అలాగే నడిపితే అల్యూమినియం పిస్టను కరిగి చిల్లిపడుతుంది. ఎక్కువైతే పెట్రోలు దండుగ, నల్లపొగ. రెండూ నష్టమే గాని రెండూ ఒకటి కాదు. కనుక బరువు ఎక్కువగా ఉండే అంచుల్లో సందేహం వస్తే పెట్రోలు కొంచెం ఎక్కువ వైపే మొగ్గుతారు. చివరి విలువనే కొనసాగించడం భద్రమని ఇక్కడ గుడ్డిగా అనుకోకూడదు. గాలి పెరుగుతున్నప్పుడు పెట్రోలును పెంచకుండా ఆపేస్తే ఇంజనును ఎండబెట్టినట్లే.

రెండో అంచులో వేరే వింత. సరళరేఖ కిందికి దిగిదిగి ఒక గడిలో మైనస్ 2 వచ్చిందనుకోండి. ముక్కును మైనస్ రెండు మిల్లీసెకన్లు తెరవడమంటే ఏమిటి? అర్థం లేదు. కాని కంప్యూటరుకు అర్థంతో పనిలేదు. ఒక్కొక్క గడికి 8 బిట్ల చోటిచ్చి, అందులో 0 నుంచి 255 వరకు పూర్ణసంఖ్యలే పడతాయని ఏర్పాటు చేసి ఉంటే, మైనస్ 2 అందులో 254గా మారి కూర్చుంటుంది. మూడంకెల మీటరును 000 నుంచి వెనక్కి తిప్పితే 999 వస్తుంది చూడండి, అచ్చం అలాగే. దాదాపు పెట్రోలే అక్కరలేని గడిలో అన్నిటికంటె ఎక్కువ పెట్రోలు! అందుకే మంచి ప్రోగ్రాములు నింపిన ప్రతి గడినీ ఇంతకు తగ్గకూడదు, ఇంతకు మించకూడదు అనే రెండు హద్దులతో సరిచూస్తాయి.

పిస్టను పోతే కొత్తది వేయించుకోవచ్చు. బహిర్వేశనం అంతటితో ఆగని సందర్భం ఒకటుంది.

2003 జనవరి 16న అమెరికాలో కొలంబియా అనే అంతరిక్ష నౌక బయలుదేరింది. అందులోని ఏడుగురిలో హర్యానాలోని కర్నాల్‌లో పుట్టిన కల్పనా చావ్లా ఒకరు. నౌక లేచిన సుమారు 82 సెకన్లకు ఇంధనపు ట్యాంకు పైని నురుగు పూతలోంచి ఒక పెద్ద ముక్క ఊడి ఎడమ రెక్కకు తగిలింది. ఫిల్ములో అది కనిపించింది. దెబ్బ ఎంత లోతుగా తగిలి ఉంటుంది? నౌక అంతరిక్షంలో ఉండగానే ఇంజనీర్లు లెక్కగట్టడానికి కూర్చున్నారు. వాళ్ళ దగ్గర క్రేటర్ అనే ప్రోగ్రాము ఉంది. ముక్క పరిమాణం, వేగం ఇస్తే నౌక మీది వేడి కవచపు పలకలో ఎంత లోతు గుంట పడుతుందో చెబుతుంది. పూర్వం పలకల మీదికి చిన్నచిన్న ముక్కలు విసిరి చేసిన పరీక్షలతో దాన్ని క్రమాంకనం చేశారు. ఆ పరీక్షల్లోని నురుగు ముక్కలు చిటికెడు గుప్పిట్లో పట్టేటంతటివి. రెక్కకు తగిలిన ముక్క ఘనపరిమాణం వాటికి కొన్ని వందల రెట్లు. పట్టిక అంచునుంచి అయిదు అడుగులు వేస్తేనే మన ట్యాంకు ఏమైందో చూశారు కదా!

ఇక్కడ ఒక విచిత్రం జరిగింది. క్రేటర్ గుంట లోతుగానే పడుతుందని చెప్పింది. కాని చిన్న ముక్కల విషయంలో అది ఉన్నదానికంటె ఎక్కువ చేసి చెబుతుందని ఇంజనీర్లకు అనుభవం. ఇప్పుడూ ఎక్కువే చెబుతున్నదని అనుకున్నారు. అంటే ప్రోగ్రాము అంకెలను బహిర్వేశనం చేస్తే, మనుషులు ప్రోగ్రాము మీద తమకున్న నమ్మకాన్ని బహిర్వేశనం చేశారు. రెక్క ముందు అంచు పలకలు వేరే పదార్థంతో చేసినవి. వాటికి వేరే లెక్క ఉంది, అది మంచుగడ్డలు కొట్టి చూసిన పరీక్షల మీద ఆధారపడినది. నురుగు మంచుకంటె తేలిక కాబట్టి ఫరవాలేదనుకున్నారు.

ఫిబ్రవరి 1న తిరుగుప్రయాణంలో మండుతున్న గాలి రెక్కలోకి చొరబడి కొలంబియా ముక్కలైంది. ఏడుగురూ చనిపోయారు. ఆ ఏడాది జులైలో విచారణ సంఘం ఒక పరీక్ష చేయించింది. ముప్పాతిక కిలో బరువున్న నురుగు ముక్కను గంటకు సుమారు 850 కిలోమీటర్ల వేగంతో నిజమైన రెక్క అంచు పలక మీదికి పేల్చారు. పలకలో సుమారు 40 సెంటీమీటర్ల చిల్లి పడింది. చూస్తున్నవాళ్ళు నిర్ఘాంతపోయారు. ఖాళీగా ఉండిపోయిన గడి కొలతతో నిండింది.

మరి ఖాళీ గడులను అలాగే వదిలేయాలా? వదిలేయలేం. బండి నడుస్తుండగా కంప్యూటరు ఏ గడిలోకి వచ్చినా ఏదో ఒక అంకె దొరకాలి, లేకపోతే ఇంజను ఆగిపోతుంది. కనుక నింపుతారు. కాని జాగ్రత్త గలవాళ్ళు ఆ పట్టికకు జంటగా ఇంకో పట్టిక ఉంచుకుంటారు. కొలిచిన గడికి ఒక రంగు, నడుమ ఊహించినదానికి ఒక రంగు, అంచు దాటి ఊహించినదానికి మరో రంగు. తరువాత బండిని ఎండలోనూ చలిలోనూ ఘాట్‌రోడ్ల మీదా నడిపి, కంప్యూటరు ఏయే గడుల్లోకి ఎన్నిసార్లు వెళ్ళిందో రాసుకుంటారు. ఎప్పుడూ వెళ్ళని ఊహ గడి ఎలా ఉన్నా నష్టం లేదు. మాటిమాటికీ వెళ్ళే ఊహ గడిని మాత్రం వెనక్కి వెళ్ళి కొలిచి తీరాలి.

ఈ పనిని మీరు ఇంట్లోనే చేసి చూడవచ్చు. ఒక లీటరు ప్లాస్టిక్ సీసా తీసుకొని మూత గట్టిగా బిగించి పక్కకు పడుకోబెట్టండి. దొర్లిపోకుండా ఇటూ అటూ పుస్తకాలు పెట్టండి. పైకి ఉన్న వైపున, నడుమ దగ్గర, రూపాయి బిళ్ళంత రంధ్రం పెద్దవాళ్ళ చేత కోయించండి. చీపురుపుల్ల మీద సెంటీమీటర్ల గుర్తులు పెడితే అదే మీ కడ్డీ. దగ్గుమందు సీసాతో వచ్చే కొలత మూతతో నీళ్ళు పోస్తూ, పుల్ల మీద 1, 2, 3, 4 సెంటీమీటర్లకు ఎన్ని మిల్లీలీటర్లు పట్టాయో రాసుకొని ఆగిపోండి. మిగతా గడులను ముందు సరళరేఖతో, తరువాత భేదాల పద్ధతితో, ఆ తరువాత అద్దంలో నీడ ఉపాయంతో నింపండి. మూడు రంగుల పెన్సిళ్ళు వాడండి. అప్పుడు మిగిలిన నీళ్ళు పోసి ఎవరు గెలిచారో చూడండి.

రెండు చిక్కులు ముందే చెబుతున్నాను. సీసా ఒకవైపు మెడ దగ్గర సన్నబడుతుంది. అయినా అద్దంలో నీడ ఉపాయం పనిచేస్తుందా? పనిచేస్తే ఎందుకు? ఇంక రెండోది: సీసాకు బదులు మీ అమ్మగారి పులుసు గిన్నె తీసుకుంటే, సగం దాకా తీసిన కొలతలు పై సగం గురించి ఏమైనా చెప్పగలవా?